ఆరాక వచ్చిన అంకె

మేడం పోయారని వాళ్ల తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. కరోనా రెండో వేవ్‌లో సూరత్ ఆసుపత్రులన్నీ నిండిపోయిన రోజులవి. నేను రావచ్చా అని అడిగాను. వద్దన్నాడు. అతన్నే లోపలికి రానివ్వలేదట. నేను పని చేసే బట్టల గోదాములో మూటల మీద అలాగే కూర్చున్నాను. వెళ్దామన్నా చోటు లేదు.

అంతకు ముందు ఏడాది వరకు నేను ఒక కాలేజీ ల్యాబ్‌లో ఆమె దగ్గర అసిస్టెంటును. ఆమె లిథియం బ్యాటరీల మీద పరిశోధన చేసేవారు. గుంటూరు వైపు మనిషి. ఉద్యోగం పర్మనెంటు కాదు, ప్రాజెక్టు ఉన్నంతవరకే. మాది జగిత్యాల దగ్గర పల్లె. నాన్న సూరత్‌లోనే గోడాదరాలో మగ్గాల మీద పని చేస్తాడు కాబట్టి నేనూ ఇక్కడే ఐటీఐ చదివి, ఇక్కడే కుదురుకున్నాను.

మొదటి రోజు, ఇక్కడ మనం చేసేదేమిటని అడిగాను. నిలబెట్టి చెప్పారు. మామూలు బ్యాటరీలో ద్రవం ఉంటుంది, అది కారుతుంది, మంట అంటుకుంటుంది. దాని బదులు పాలిమర్ పొర పెట్టాలి. కానీ మామూలు వేడిలో పాలిమర్ గొలుసులు వరస కట్టి బిగుసుకుంటాయి. లిథియం అయాన్లు మధ్యలో చిక్కుకుంటాయి. సన్నటి పింగాణీ పొడి కలిపితే గొలుసులు అంతగా బిగుసుకోవు.

"పొడి ఎక్కువేస్తే?" అన్నాను.

"గడ్డ కడుతుంది. అప్పుడు ఆ పొడే అడ్డం," అన్నారు.

పాలిమర్, లిథియం ఉప్పు, పొడి అన్నీ ద్రావకంలో కలిపి, పళ్లెంలో పోసి ఆరనిచ్చేవాళ్లం. పోసే ముందు ఆమె మేస్త్రీలు వాడే రసమట్టం పళ్లెం పక్కన పెట్టి చూసేవారు. పొర ఒక పక్క మందంగా వస్తే ఊరుకునేవారు కాదు. టీ మాత్రం ఎప్పుడూ చల్లారిపోయాకే తాగేవారు, తెప్పించిన సంగతి మరిచిపోయి. కొత్త పొర చూసి నేను సంబరపడితే, "ముందు ఆరనీ, తర్వాత ఆనందపడు" అనేవారు.

లాక్‌డౌన్ సడలించాక ల్యాబ్‌లోకి ఒక్కరినే రానిచ్చారు. అప్పుడే మా గోడాదరా సందు మూసేశారు. నాన్న లోపల, నేను బయట. కాలేజీవాళ్లు స్టోర్ రూములో పడుకోనిచ్చారు. మేడం ఉండే అమ్రోలి సందుకూ అడ్డంగా వెదురు బొంగులు కట్టారు. ఆమె ఫోన్లో చెప్పడం, నేను చేయడం. బయట వాన, లోపల వాక్యూమ్ పంపు మోత. మరో మనిషి మొహం లేదు.

ప్రాజెక్టు పొడిగించాలంటే నెలాఖరుకు మంచి ఫలితం చూపించాలి. లేకపోతే ఆమె పని, నా పని రెండూ పోతాయి. ఆ వారంలోనే, కొత్త పొరలో అయాన్లు ఎంత తేలిగ్గా కదులుతాయో కొలిస్తే ఎన్నడూ రానంత పెద్ద అంకె వచ్చింది.

"మేడం, మస్తుగ వచ్చింది!"

"మస్తుగా అంటే ఎంతయ్యా? నీ మస్తుకు యూనిట్లు లేవు."

అంకె చదివాను. ఆమె మళ్లీ చదవమన్నారు.

"ఏమైంది మేడం? ఖుష్ కావాలె గదా?"

"అక్కడ వాన పడుతోందా?"

"పొద్దుగాల్నుంచి దంచుతున్నది."

"అయితే అది నీళ్ల అంకె. పొర చెమ్మ పీల్చింది. చెమ్మలో అయాన్లు తేలిగ్గా పరుగెడతాయి. మళ్లీ వాక్యూమ్ ఓవెన్‌లో పెట్టు."

"పెడితే తగ్గుతది."

"తగ్గనీ."

"జర ఆలోచించుండ్రి మేడం. గిదే పంపుదాం. ఆడ ఎవలు చూస్తరు?"

"బ్యాటరీ చూస్తుందయ్యా. లిథియానికి నీళ్లు తగిలితే ఏమవుతుందో నీకు తెలీదా?"

నాకు కోపం వచ్చింది. ఆమెకేం, పని పోతే గుంటూరులో ఇల్లుంటుంది అనుకున్నాను. లేదని తర్వాత తెలిసింది.

బాగా ఆరబెట్టాక అంకె పడిపోయింది. పొడి కలపని పొర కంటే కాస్త మెరుగు, అంతే. ఆమెకు ఒక్క అనుమానం మిగిలింది. తగ్గింది చెమ్మ పోయినందుకా, పొడి గడ్డ కట్టినందుకా? గడ్డ కట్టి ఉంటే తప్పు మా పోతలో ఉన్నట్టు. మళ్లీ పోసుకుంటే పెద్ద అంకె వస్తుందన్న ఆశ ఉంటుంది.

"ఫోన్లో కనబడదు. ఒక ముక్క తీసుకురా," అన్నారు.

ముక్కను పల్చటి కవర్లో సీలు వేసి సైకిలు మీద అమ్రోలి వెళ్లాను. బొంగుల దగ్గర హోంగార్డు ఆపాడు.

"యే క్యా హై?"

"బ్యాటరీ కా ప్లాస్టిక్."

"మొబైల్ కా?"

"హా, వైసాచ్ సమఝో," అన్నాను, అలాంటిదే అనుకోమని.

అతను దాన్ని ముట్టుకోలేదు. కింద పెట్టించి, లాఠీ కొనతో బొంగుల అవతల నిలబడ్డ మేడం వైపు నెట్టాడు.

ఆమె చాలాసేపు చూసి, గడ్డలు లేవన్నారు. అంటే ఆ చిన్న అంకే అసలుది.

"ఇదే పంపుతాను," అన్నారు.

"మరి మన పని ఏమైతది మేడం?"

"తెలీదు. నువ్వు అన్నం తిన్నావా?"

ప్రాజెక్టు పొడిగించలేదు. ఆమె అమ్రోలి గదిలోనే ఉండి ఫోన్లో ట్యూషన్లు చెప్పుకున్నారు. నేను గోదాములో చేరాను. అప్పుడప్పుడు మాట్లాడుకున్నాం గానీ మళ్లీ కలవడం పడలేదు. అందుకే ఆమె గుర్తొస్తే నాకు ఆ సందు మొదలే కనిపిస్తుంది.

ఆ రోజు వాన వెలిసింది. బొంగుల అవతల ఆమె కవరును రెండు వేళ్లతో ఎండకు ఎత్తి, ఒక కన్ను మూసి చూస్తున్నారు. ఆ రోజుల్లో ఎవరు ఏ రేకును వెలుగుకు ఎత్తి చూసినా అది ఛాతీ ఎక్స్‌రేనే. మొదటి అంతస్తు గ్రిల్లు వెనక నుంచి ఒక గుజరాతీ ముసలావిడ, రిపోర్ట్ ఎలా ఉందని భయంగా అడిగింది.

"బేన్, రిపోర్ట్ కేవో ఛే?"

మేడం తల తిప్పలేదు.

"సారో ఛే, బా," అన్నారు, బాగుందని.

పై కిటికీల్లోకి ఇంకా రెండు మూడు తలలు వచ్చాయి. ఆమె చెయ్యి దించలేదు.