అమ్మతో మేడమ్ గారు చెప్పిన మాట

మా ఇమ్యునాలజీ మేడమ్ గారు పోయారని పోయిన ఆదివారం ఫోన్ వచ్చింది. చర్చికి బయల్దేరుతూ గుమ్మంలోనే కూలిపోయారట. గుండెపోటు.

ఎచ్చెర్లలో ఎమ్మెస్సీ చదివేటప్పుడు ఆవిడ మాకు రోగనిరోధక శాస్త్రం చెప్పేవారు. ఒక కణం ఇంకోదాన్ని ఉసిగొల్పితే బోర్డు మీద తెల్లసుద్దతో బాణం గీసేవారు. ఆపితే ఎర్రసుద్దతో అడ్డగీత. "దెబ్బలాట ఎవరు మొదలెట్టారో అందరూ చదువుతారు. ఆపేదెవరో చదవండి" అనేవారు.

హుద్‌హుద్ తుఫాను మరుసటి ఏడు నాకు రక్తవిరేచనాలు పట్టుకున్నాయి. సిగ్గుతో ఎవరికీ చెప్పుకోలేదు. క్లాసులోంచి మాటిమాటికీ లేచి వెళ్లడం గమనించి మేడమ్ గారే నన్ను పక్కకు పిలిచి మెల్లగా అడిగారు, విశాఖపట్నం తీసుకెళ్లారు. అల్సరేటివ్ కొలైటిస్ అన్నారు డాక్టర్లు. పెద్దపేగు వాచి పుండ్లు పడే జబ్బు. మందులతో అదుపులో ఉంటుంది, పూర్తిగా పోతుందని చెప్పలేం అన్నారు.

మాది సముద్రం మీద బతికే కుటుంబం. అమ్మ చేపలమ్ముతుంది. తన చేతి కూరే నాకు చేటు చేసిందని నమ్మి పొయ్యి దగ్గరికి వెళ్లడం మానేసింది. వంట పిన్నికి అప్పగించింది. నాకు కాస్త నెమ్మదించగానే, మందుల వేడికే పేగు పుండవుతోందని వాటినీ ఆపించబోయింది. సంగతి తెలిసి మేడమ్ గారు మా ఊరొచ్చి, ఆరేసిన వలల పక్కన ఇసుకలోనే కూర్చున్నారు.

"నానొండిన కూరే దానికి ఇసమైపోనాది మేడమ్ గారూ" అంది అమ్మ.

మేడమ్ గారు ఓపికగా చెప్పారు. హాని చేసే క్రిముల మీదికి వెళ్లే కణాలు పేగులో ఉంటాయి. పనయ్యాక వాటిని ఇక చాలని నెమ్మదింపజేసే కణాలు వేరే ఉంటాయి. మీ పిల్ల ఒంట్లో ఈ అదుపు తప్పింది, అందుకే సొంత పేగే గాయపడుతోంది. మందులు ఆ పోరు తగ్గిస్తున్నాయి, మానేస్తే మళ్లీ రేగుతుంది.

అంతా విని అమ్మ అడిగింది.

"మరి ఆపీవోటి మాట అయ్యెందుకు ఇనట్నేదు?"

"అదింకా ఎవులికీ పూర్తిగా తెల్దప్పా. నీ వంట వల్ల మాత్రం కాదు" అన్నారు మేడమ్ గారు, అమ్మ యాసలోనే.

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ పూట పొయ్యి తనే వెలిగించింది. మేడమ్ గారు మా ఇంట్లోనే తిన్నారు.

జబ్బు ఆ తర్వాతా తిరగబెట్టింది, మళ్లీ తగ్గింది. ఇప్పుడు నేను గజపతినగరంలో పిల్లలకు పాఠం చెబుతున్నాను. మేడమ్ గారు ఎప్పుడు ఫోన్ చేసినా ముందు మందుల సంగతే అడిగేవారు, తర్వాతే ఉద్యోగం.

సమాధి చేసే రోజు అమ్మ కూడా వచ్చింది. చర్చిలో ఎలా మెలగాలో తెలియక చివరి వరుస వెనక నిలబడింది. పెట్టె మూసే ముందు ముందుకు నడిచి, మేడమ్ గారి చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. కీర్తన అయిపోయింది. పెట్టె ఎత్తేవాళ్లు వచ్చి నిలబడ్డారు. అమ్మ చెయ్యి వదల్లేదు. వదలమని ఎవరూ అనలేదు.