చివరి పూట దాకా ఆగేవాళ్ళు

పుట్టిన వరసను బట్టి పిలుచుకునే మా ఊరు చో లాక్‌లో న్యాన్‌ని అందరూ ఏడో పిన్ని అంటారు. ఆవిడ పెంచేది కొత్త సంవత్సరం పండక్కి ఇళ్ళ ముందు పెట్టుకునే పసుపు చామంతి. వానల్లో నాటింది మొదలు మొగ్గ తొడిగేదాకా చిగుళ్ళు గిల్లుతూనే ఉండాలి. అప్పుడే పొద గుమ్మటంలా గుండ్రంగా వస్తుంది. గిల్లి గిల్లి నల్లబడ్డ ఆవిడ గోళ్ళు ఎంత తోమినా తెల్లబడవు.

నిరుడు యువజన సంఘం కార్యదర్శి ఖియెమ్ ఊళ్ళో సభ పెట్టాడు. కుర్రకారు ఫ్యాక్టరీలు వదిలి తోటపనిలోకి రావాలని ఊదరగొట్టి, పిన్నిని వేదికెక్కించి చేతిలో పూలగుత్తి పెట్టాడు. ప్లాస్టిక్ పూలు.

ఆ మాటలు నమ్మి వచ్చింది ఒక్క థామ్. చెప్పుల ఫ్యాక్టరీ మానేసిన పిల్ల. పిన్నికి పిల్లల్లేరు; థామ్ నిలబడితేనే తోట నిలుస్తుంది. పండగ అమ్మకం చూశాకే ఉండేదీ పోయేదీ తేల్చుకుంటానని థామ్ ముందే చెప్పింది. ఫ్యాక్టరీ వాళ్ళు మళ్ళీ రమ్మంటున్నారు.

కుండీలు సైగాన్ పార్కులో పండగ పూల సంతకి చేర్చాం. లారీ తోలింది నేనే. ఏడాది ఆఖరి రోజు మధ్యాహ్నానికి స్థలం ఖాళీ చెయ్యాలి. అప్పటికి ఎంతకొస్తే అంతకి వదిలించుకుంటామని కొనేవాళ్ళకి బాగా తెలుసు. పొద్దుటి నుంచీ చెట్ల నీడన ఐసు కాఫీ చప్పరిస్తూ, పెద్దాయన ప్రాణం ఎప్పుడు పోతుందా అని ఆస్తి కోసం కాచుకున్న చుట్టాల్లా కూర్చున్నారు. ఇస్త్రీ బట్టలు, సెంటు వాసన. ఒకావిడ పువ్వుని వేలితో పొడిచి వాడిపోయిందంది. ఒకాయన ఎలాగూ పారేసేవేగా అన్నాడు.

మధ్యాహ్నం కావస్తుండగా, పని మీద సైగాన్ వచ్చిన ఖియెమ్ మా దగ్గర ఆగాడు. ఆఫీసు గుమ్మానికి రెండు కుండీలు కావాలట.

"ఊరికే ఇచ్చెయ్యి ఏడో అక్కా. మోసుకుపోయే బాధ తప్పుద్ది."

థామ్ తననే చూస్తోందని పిన్నికి తెలుసు. కత్తి తీసి ముందున్న పొదని మొదలంటా నరికింది. తర్వాత పక్కదాన్ని. నీడలో ఉన్నవాళ్ళంతా పరిగెత్తుకొచ్చారు. సగం ధర ఇస్తామన్నారు. పాపం పూలు కదా అన్నారు.

"ఈ పాపం పొద్దున్నే గుర్తు రాలేదేం?" అంది పిన్ని, నరుకుతూనే.

ఖియెమ్ థామ్ వైపు తిరిగాడు. "చెప్పమ్మా మీ పిన్నికి. చిన్నపిల్లలకి నేర్పేది ఇదేనా?"

"ఇదేనండీ. వచ్చే సభకి నన్నెక్కించండి, ఇదే చెప్తా."

అతను గొణుక్కుంటూ స్కూటరెక్కాడు. థామ్ లారీలోంచి ఇంకో కత్తి తెచ్చుకుంది.

"పిన్నీ, వచ్చే ఏడు సగమే వేద్దాం. ముందు బయానా ఇచ్చినోళ్ళకే."

వేద్దాం అన్న మాటకి పిన్ని చెయ్యి ఆగింది. ఆ పిల్ల మొహంలోకి ఒకసారి చూసి, తర్వాతి పొద దగ్గరికి జరిగింది. నరకాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి.