చౌడక్క లవంగ నూనె

సోమందేపల్లిలో రోడ్డు పక్కన బజ్జీల అంగడి నడిపే చౌడక్కకు సొంత వైద్యం మీద మహా నమ్మకం. గుండె ఆపరేషన్ అయినప్పటి నుంచి రక్తం పలచబడే మాత్ర వేసుకుంటూనే, కడుపుబ్బరానికని రోజూ వేడినీళ్లలో లవంగ నూనె చుక్కలు వేసుకుని తాగేది. కొన్నాళ్లకు పళ్లు తోముకుంటుంటే చిగుళ్ల నుంచి రక్తం కారసాగింది. తప్పంతా బ్రష్షుదేనని దాన్ని మార్చింది. మోచేతులు నల్లగా కమిలితే, మంచం కోడు తగిలిందని మంచాన్ని తిట్టింది. చివరికి మొగుడు ఈరప్ప బలవంతాన హిందూపురం ఆసుపత్రికి తీసుకుపోయాడు.

“మాత్ర కాక ఇంకేమైనా తీసుకుంటున్నారా అమ్మా?” అని డాక్టరమ్మ అడిగింది.

“ఏమీ లేదు మేడం. లవంగ నూనె తాగుతాండా, అంతే. అది మందు కాదు గదా!”

“ఆ నూనె కూడా రక్తాన్ని పలచన చేయొచ్చు. మాత్రకు తోడైతే ప్రమాదం. నూనె ఆపండి, మాత్ర మాత్రం మానొద్దు,” అందామె రక్తపరీక్ష రాస్తూ.

నూనె మానేశాక చిగుళ్లు కుదుటపడ్డాయి. ఇప్పుడు బజ్జీలకు వచ్చినవాళ్లకు పొట్లం కంటే ముందు ప్రశ్న అందుతుంది: “ఏమబ్బా, ఏం మాత్రలు మింగుతాండావు? వాటి మీద ఇంకేం తాగుతాండావు?”

“ఆకలికి వచ్చినోళ్లను ఇట్ల పరీక్ష చేస్తే ఈడ ఎవరు నిలబడతారే?” అని ఈరప్ప తల పట్టుకుంటాడు. ఆమె వింటేగా! ఎవరైనా ఏదో నూనె పేరు చెప్పారంటే చాలు, జల్లిగరిటె పక్కన పెట్టి, “డాక్టరును అడిగినావా?” అని పట్టుకుంటుంది, బజ్జీలు మాడిపోతున్నా సరే.