కైలాసం మామ కంది కల

మా కైలాసం మామ కల రానిదే కందిచేనుకు మందు వెయ్యడు. నిర్మల్ దగ్గర మా ఊళ్లో ఎరువుల దుకాణం నాది. వానలు పడ్డాయంటే ఊరంతా నా గుమ్మం ముందు వరస కడుతుంది. మామ మాత్రం చేనులో మంచె మీద నడుం వాల్చి కళ్లు మూసుకుంటాడు. ఆకుల మీద చినుకులు రాలుతుంటాయి, మబ్బు చేను మీదుగా తాపీగా పోతుంటుంది, ఆయన మొహంలో చిన్న నవ్వు. చూసినవాళ్లకు కూడా నిద్ర ముంచుకొస్తుంది.

“మామా, యూరియా లారీ వచ్చింది. ఎన్ని బస్తాలు?”

“జర ఆగు అల్లుడా. కంది ఇంకా కలలకు రాలే.”

“ఎప్పుడొస్తది?”

“నిన్న సగం దాక వచ్చింది. గంతల్నే మీ అత్త చాయ్ అని లేపింది.”

మా సత్తమ్మత్త ఊరుకుంటుందా! “నా కలలకు రోజూ పట్టుచీరెలొస్తున్నయి, గవి మాత్రం కొనడు!” అనేది.

తీరా కల పూర్తయ్యాక మామ కొనేది ఒక్క బస్తా. ఆ కంది నాకు బద్ధశత్రువు.

ఒక ఏడు మామ పక్క చేనును మా ఊరి లస్మవ్వ కౌలుకు పట్టింది. పంట సరిగ్గా రాకపోతే చేను ఇంకొకరికి ఇస్తానని ఆసామి ముందే చెప్పాడు. పెనిమిటి దుబాయి పోయినప్పటి నుంచి సలహా చెప్పినవాడిని ఆమె గడప తొక్కనివ్వలేదు. పత్తికి పోసినట్టే కందికీ యూరియా పోద్దామని ఆటో తీసుకొని నా దుకాణానికి వచ్చింది. మామ అక్కడే ఉన్నాడు.

“వదినె, రాత్రి నీ కంది నా కలలకొచ్చింది.”

“నా కంది నీ కలలకెందుకొస్తది?”

“నీకు చెప్పాల్నంటె భయమట.”

“ఏమన్నది?”

“గీ తెల్లమందు వద్దట. ఆకే పెరుగుతది, కాయ పట్టదన్నది.”

మనిషి చెబితే వినని లస్మవ్వ, కంది చెప్పిందనేసరికి ఉత్త ఆటోతో తిరిగిపోయింది. పోయిన గిరాకీ తలుచుకొని నేను మామను తిట్టని రోజు లేదు.

కాయ పట్టే రోజుల్లో నేను ఆయన చేను వెనక్కి పోతే సంగతి బయటపడింది. అక్కడ నాలుగు మళ్లున్నాయి. ఒకదానికి ఏమీ వెయ్యలేదు, ఒకదానికి విత్తేటప్పుడు కాస్త డీఏపీ, ఇంకోదానికి కొంచెం యూరియా, చివరిదానికి దండిగా. ఆ చివరి మడి మనిషెత్తు పెరిగి నిగనిగలాడుతోంది. కాయ కోసం వెతుక్కోవాలి.

“ఏటా గిట్లనే ఏసి పరీక్ష జేస్తున్నవా మామా?”

“ఊరోళ్ల చేను పాడైతె బతుకు పోతది. నాదాంట్ల ఓ ముక్క పోతె ఏం ఫికర్?”

“మరి కల?”

“నేను చెప్తె ఎవలింటరు? కలనంటె కొట్లాటకు రారు. నిద్ర మాత్రం నిజమే అల్లుడా.”

ఆయన మీద నాకు ప్రేమ పొంగుకొచ్చింది, దుకాణం సంగతి కూడా మరిచిపోయాను.

లస్మవ్వ కంది కొమ్మలు కాయల బరువుకు వంగాయి. ఆసామి చేను ఆమెకే ఉంచాడు. ఆ సంబరంలో గట్టు మీదుగా వస్తూ మామ చివరి మడి చూసి ఆగిపోయింది.

“అయ్యో కైలాసం! కందికి గింత యూరియా పోస్తరా? నన్నడిగితె చెప్పకపోదునా?”

మామ తల దించుకున్నాడు. “తప్పయింది వదినె. మల్లేడు నిన్నడిగే ఏస్త.”

లస్మవ్వ గట్టు మీద కూర్చొని, కందికి మందు ఎంత వెయ్యాలో పొద్దు గూకేదాకా ఆయనకు నేర్పింది. మామ ఊ కొడుతూ, నడుమ నడుమ “అట్లనా!” అని ఆశ్చర్యపోతూ, శ్రద్ధగా నేర్చుకున్నాడు.