తీసెయ్యని చిక్కు

మా ఆఫీసు గుమ్మం పక్కన నిన్న కొత్త కుండ పెట్టాం. ఎండలు ముదిరాయి. ఆదోనిలో మేడమీది గదులకు మధ్యాహ్నమయ్యేసరికి గోడలు కూడా కాలుతాయి. ఈ ఉదయం మూత తీసి గ్లాసు ముంచగానే తడిసిన మట్టి వాసన గుప్పుమంది. గ్లాసు చేతిలో అలాగే ఉండిపోయింది. ఆ వాసన వెంట నాకు ఎప్పుడూ ఒక్కరే గుర్తొస్తారు, బసప్ప సార్. ఆయన్ను ఎరగనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

సర్వే ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ఆయన ఈ గది తీసుకుని పటాలు గీసే పని పెట్టుకున్నారు. పొలం గట్లు, పైపులైన్లు, పిల్లకాలువలు, ఎవరికి ఏది కావాలంటే అది. జీపీఎస్ మెడలో వేలాడేసుకుని తానే నడిచి వచ్చేవారు. ఆ చిన్న పరికరం కొన్ని సెకన్లకోసారి తానున్న చోటును ఒక చుక్కగా రాసుకుంటుంది. ఆ చుక్కల్ని కంప్యూటర్‌లో మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కిస్తే, పైనుంచి తీసిన నేల ఫొటో మీద ఆయన నడిచిన దారి ఎర్రటి గీతగా కనబడుతుంది. ఆ గీతను శుభ్రం చేసి, ఊళ్ళ పేర్లు పెట్టి, అచ్చు తీయడానికి ఒక మనిషి కావలసి వచ్చింది. ఆ మనిషిని నేనయ్యాను. దేవుడి దయ అంటాను నేను.

నేను బడికి పోయినదాన్ని కాదు. ఎమ్మిగనూరులో మాది నేతపని ఇల్లు. చిన్నప్పుడు ఉబ్బసం వల్ల నన్ను ఇల్లు కదలనిచ్చేవారు కాదు. నాన్న మగ్గం గుంటలో కూర్చుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించాడు. పడుగు పోగులు లెక్కపెట్టి లెక్కలు నేర్చుకున్నాను. పరీక్షలు ప్రైవేటుగా రాశాను, కంప్యూటర్ ఆ తర్వాత నేర్చుకున్నాను. ఉద్యోగం అడగడానికి వచ్చిన రోజు సార్ నన్ను ఎగాదిగా చూశారు.

"ఏం సదువుకున్యావు తాయీ?" అన్నారు. ఆయనది కౌతాళం వైపు. కన్నడం కలిసిన ఆ పిలుపు నాకు అప్పటికి కొత్త.

"ఇంట్లోనే సార్. మా నాన్న చెప్పినాడు."

"బెత్తం ఉండేదా మీ నాయన కాడ?"

"లేదు సార్. మగ్గంలో పోగు ఆడించే నాడె ఉండేది."

ఆయన పెద్దగా నవ్వి, కుర్చీ లాగి, గజిబిజిగా ఉన్న ఒక ఫైలు తెరిచారు. "కొండ పక్కన నడిస్తే ఈ మిషిన్‌కు తిక్క లేస్తాది. సుక్కలు యాడాడికో ఎగురుతాయి. అట్లాంటివి ఏరి తీసెయ్యి, సూస్తాం." తెగిన పోగును పట్టుకోవడం అలవాటైన వేళ్ళకు అదేం కష్టం కాలేదు. గంటలో గీత తేటపడింది. "మగ్గం చేతులప్పా ఇవి!" అన్నారు ఎవరికో చెబుతున్నట్టు. గదిలో ఇంకెవరూ లేరు.

ఏటా మా వీధి నుంచి మంత్రాలయానికి నడిచిపోయే గుంపులో నాన్న ఉంటాడు. ఒక ఏడు పెద్ద రోడ్డు మీద లారీల రద్దీ పెరిగిందని అందరూ జంకుతుంటే, సార్ పొలాల మధ్య బండిదారి ఒకటి వెతికి, తానే నడిచి చూసి వచ్చారు. మీకూ మొక్కు ఉందా సార్ అని అడిగాను. "మొక్కు లేదు తాయీ, మోకాళ్ళుండాయి" అన్నారు.

ఆయన నడిచిన ఆ దారి ఫైలు తెరిచిన ఉదయం నేను తలస్నానం చేసి, దీపం పెట్టి మరీ వచ్చాను. నడవలేని నాకు స్వామి ఇచ్చిన సేవ ఇది అనుకున్నాను. గీత చక్కగా సాగుతూ సాగుతూ, నడుమ ఒకచోట బండిదారి వదిలి రెండు ఫర్లాంగులు తూర్పుకు మళ్ళింది. అక్కడ చుక్కలన్నీ ఒకదానిమీద ఒకటి పడి, నూలు ఉండ చిక్కుపడినట్టు ముద్దగా ఉన్నాయి. మళ్ళీ వెనక్కి వచ్చి బండిదారిలో కలిసింది. ఆగిన చోట సార్ బటన్ నొక్కి పెట్టే పేరు కూడా పక్కన లేదు. మిషన్‌కు తిక్క లేచిందనుకున్నాను. పడుగులో చిక్కు కనబడితే ఊరుకునే చేతులు కావు మావి. ఆ మెలిక మొత్తాన్ని పట్టి తీసేశాను. తెగిన రెండు కొసలూ వాటంతటవే కలిసి, గీత తిన్నగా అయిపోయింది. ఎంత బాగుందో అనుకున్నాను. సార్ ఆ రోజు మద్దికెర పని మీద పోయి ఉన్నారు. ఆయనకు చూపించకుండానే అచ్చు తీసి నాన్నకు ఇచ్చాను.

"మా పాప గీసిన దావ" అని నాన్న వీధంతా చూపించుకున్నాడు.

ఆదివారం తెల్లవారకముందే మొదటి గుంపు బయల్దేరింది. మధ్యాహ్నం ఫోను వచ్చింది. తెచ్చుకున్న నీళ్ళు అయిపోయాక ఎంతదూరం నడిచినా చుక్క దొరకక, నాన్న కళ్ళు తిరిగి పడిపోయాడు. ఎవరో పుణ్యాత్ముడు ట్రాక్టర్‌లో వేసుకొచ్చి ఆసుపత్రిలో చేర్చాడు. సాయంత్రానికి సెలైన్ ఎక్కి, మాట వచ్చింది. "ఏం కాలేదులే పాపా, ఎండ" అన్నాడు. పటం మాట ఎత్తలేదు. అది చెమటకు తడిసి ఆయన చొక్కా జేబులోనే ఉంది.

మర్నాడు ఉద్యోగం మానేస్తానని చెప్పడానికే ఆదోని వచ్చాను. జరిగింది విని సార్ అసలు ఫైలు తెరిచారు. నడిచి తెచ్చిన ఫైలును ఆయన ఎప్పుడూ ముట్టుకోనిచ్చేవారు కాదు, నేను నకలు మీదే పని చేయాలి. తూర్పు చిక్కు దగ్గర తెర మీద వేలు పెట్టి, మరో చేత్తో నుదురు కొట్టుకున్నారు.

"తప్పు నాది గూడా తాయీ. ఆడ ఈరమ్మవ్వ నీళ్ళు పోస్తాంది. రెండు చేతులూ దోసిలి పట్టినాక, పేరు రాసే బటన్ యాడ నొక్కేది? ఆఫీసుకొచ్చి సెప్తామనుకున్యా. మర్సిపోయినా."

"నేను మానేస్తాను సార్."

"మానెయ్యి. బేస్తారం ఇంకో గుంపు పోతాంది, వాళ్ళూ నలపై మందే. వాళ్ళు పోయినాక మానెయ్యి."

తీసేసిన ముక్కను తిరిగి కలపడం నిమిషం పని. కానీ సార్ కలపనివ్వలేదు. జీపీఎస్ తీసి నా మెడలో వేశారు. బస్సులో ఎమ్మిగనూరుకు, అక్కణ్ణించి ఆటోలో బండిదారి దాకా పోయి, దిగి నడిచాం. నేను గీసిన గీత మీద నేను నడవడం అదే మొదటిసారి. తెర మీద బొటనవేలంత ఉన్న దూరం కాళ్ళకింద తరగలేదు. నల్లరేగడి, పత్తి కట్టె, నా ఆయాసం. రెండుసార్లు ఆగితే రెండుసార్లూ సార్ నాతోపాటే ఆగారు.

వేపచెట్టు కింద తడిగోనెలు చుట్టిన నాలుగు కుండలు. వాటి పక్కన ఈరమ్మవ్వ.

"రాప్పా, రా! నలపై మందొస్తారు, నీళ్ళు పెట్టవ్వా అంటివి. నిన్న పొద్దన్నించి నాలుగు కాకులొచ్చి తాగిపోయినాయి. మీ సామి భక్తులకు దప్పికే కాదా?"

సార్ నోరు తెరిచేలోపే నేనన్నాను. "తప్పు నాది అవ్వా. నీ చోటు పటంలోంచి నేనే తీసేసినా. మా నాన్న ఆ దావన్నే పోయి పడిపోయినాడు."

అవ్వ నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "ఇప్పుడెట్లుండాడు?"

"లేసి కూర్చున్యాడు."

"అయితే ముందు నువ్వు తాగు. దోసిలి గట్టిగా పట్టు, కారిపోతాంది. ఆ బోరు కాన్నించి నడుమ్మీద మోసిన నీళ్ళవి."

తాగాను. తడిమట్టి వాసన. నా మెడలో జీపీఎస్ వేలాడుతోంది. బటన్ నొక్కడానికి నాకూ చెయ్యి ఖాళీ లేదు.

ఆఫీసుకు వచ్చి నా నడకను తెర మీదికి ఎక్కించాం. వేపచెట్టు దగ్గర నా చిక్కు సార్ చిక్కుకన్నా పెద్దది. సార్ మౌస్ నా వైపు తోశారు. "ఇదీ మిషిన్ తిక్కేనా? తీసెయ్యి, సూస్తాం." నా వేలు కదల్లేదు.

"నడిస్తే గీత పడతాది తాయీ. నిలబడితే సిక్కు పడతాది. తీసే ముందర అడుగు, ఈడ ఎవరు నిలబడినారు, ఎందుకు నిలబడినారు అని" అన్నారు.

బేస్తవారం గుంపు చేతికి కొత్త పటం వెళ్ళింది. చిక్కు ఉన్నచోట 'ఈరమ్మవ్వ నీళ్ళు' అని నేనే టైపు చేశాను. ఆ సాయంత్రం సార్ ఫోను పెట్టేసి నా వైపు తిరిగారు. "కుండలు సాల్లేదంట. ఇంకో రెండు కావల్లంట." ఉద్యోగం మానే మాట ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.

సార్ పోయి రెండేళ్ళయింది. ఈ గది ఇప్పుడు నేను నడుపుతున్నాను. చిక్కు కనబడితే, నడిచిన మనిషికి ఫోను చేసి అడగకుండా ముట్టుకోను. చాలాసార్లు అది నిజంగా మిషన్ తిక్కే. ఒకసారి మాత్రం ఒక రైతు, "ఆడ మా నాయన్ను పూడ్సినామమ్మా" అన్నాడు. నేను అడిగినందుకు స్వామికీ సార్‌కూ దండం పెట్టుకున్నాను.

ఆయన నడిచి తెచ్చిన అసలు ఫైలు ఇంకా నా దగ్గర ఉంది. మీట నొక్కితే ఒక చిన్న చుక్క ఆయన నడిచినట్టే గీత మీద నడుస్తుంది. ఈరోజు గ్లాసు పక్కన పెట్టుకుని ఆ ఫైలు తెరిచాను. చుక్క బండిదారి దిగి, తూర్పుకు మళ్ళి, వేపచెట్టు దగ్గర అటూ ఇటూ మెదులుతూ ఉండిపోయింది. వేగం పెంచి దాటించే వీలుంది. నేను ఎప్పుడూ పెంచను. ఆయన నీళ్ళు తాగేదాకా ఆగుతాను.