బెత్తెడు జారే లిఫ్టు

టెస్టర్ మంచి బ్రేకును పాడుచేశాడనీ, పద్దెనిమిది రంగు డబ్బాలు సూపర్‌వైజర్ నెత్తిన కుమ్మరించాడనీ, ఉద్యోగం ఊడి ఇంట్లో కూర్చున్నాడనీ మూడు రోజులుగా వీధిలో ఒకటే గుసగుసలు. కుళాయి దగ్గర పుట్టిన మాట ఇస్త్రీ బండి దాకా వెళ్ళేసరికి డబ్బాలు అన్ని అయ్యాయి గానీ, నిజానికి అవి ఏడే. పడింది కూడా నెత్తిన కాదు, బూట్ల మీద. ఇక బ్రేకు సంగతంటారా, నాలుగేళ్ళలో దాన్ని బాగుచేసిన మనిషి అతనొక్కడే.

పెళ్ళికి వెళ్ళినా చొక్కా జేబులో టెస్టర్ ఉండాల్సిందే కాబట్టి ఆ పేరు అతనికి అతుక్కుపోయింది. రంగుల గోదాములో పదకొండేళ్ళుగా ఎలక్ట్రీషియన్. పై అంతస్తు నుంచి డబ్బాలు దింపే సరుకుల లిఫ్టు ఒకటుందక్కడ. నాలుగేళ్ళుగా అది బటన్ వదిలితే ఆగాల్సిన చోట ఆగదు. బెత్తెడు కిందికి జారి, అప్పుడు తీరిగ్గా ఆగుతుంది. దాంతో లిఫ్టు నడిపేవాడు బెత్తెడు ముందే బటన్ వదలడం అలవాటు చేసుకున్నాడు. అది జారుతూ వచ్చి సరిగ్గా నేల మీద కూర్చునేది.

"చూశావా నా చేతి పనితనం! నువ్వేమో బ్రేకు, బ్రేకు అని ఏడుస్తావు," అని మీసం తిప్పేవాడు.

టెస్టర్‌కు ఒళ్ళు మండిపోయేది. ఆ మోటారు బ్రేకు సైకిలు బ్రేకులాంటిది కాదు. కరెంటు లేనంతసేపూ స్ప్రింగు దాన్ని బిగించి పట్టుకుంటుంది. కరెంటు వస్తే అయస్కాంతం స్ప్రింగును వెనక్కి లాగి మోటారును తిరగనిస్తుంది. కరెంటు తీసెయ్యగానే అయస్కాంతం చటుక్కున వదలాలి. ఇక్కడ వదలదు. ఎందుకంటే కరెంటును తెంచే చోటే తప్పు. బ్రేకు కాయిల్‌కు కరెంటు అందించే నల్ల పెట్టె ఒకటుంది. ఆ పెట్టెకు ముందే తెంచుతున్నారు. లోపల మిగిలిన కరెంటు పెట్టెకూ కాయిల్‌కూ మధ్య గిరగిరా తిరుగుతూ అయస్కాంతాన్ని కాసేపు బతికించి ఉంచుతుంది. ఆ రెండింటి మధ్య తెంచితే చాలు. ఒక్క వైరు పని.

ఇదంతా సూపర్‌వైజర్‌కు చెప్పీ చెప్పీ అతని నోరు నొప్పి పుట్టింది.

"బ్రేకు పట్టీ లైనింగు అరిగుంటుందయ్యా, మార్చెయ్," అనేవాడాయన, ఫోన్లోంచి తల ఎత్తకుండా.

మూడుసార్లు మార్చాడు. మూడుసార్లూ బెత్తెడు జారింది.

పోయిన నెల, ఆ గోదాములోనే పనిచేసే టెస్టర్ బావ, అంటే సొంత అక్క భర్త, లిఫ్టులోంచి ట్రాలీ లాగబోయి, అది పూర్తిగా ఆగకముందే అంచు కింద కాలు పెట్టాడు. బొటనవేలు నుజ్జయింది. సూపర్‌వైజర్ వచ్చి చూసి, "కాస్త చూసుకోవాలి కదయ్యా," అని వెళ్ళిపోయాడు. మొన్నటి సెలవు రోజున టెస్టర్ ఎవర్నీ అడగలేదు. ప్యానెల్ తెరిచి వైరు మార్చాడు. నిండు డబ్బాలతో దింపి చూశాడు. వదిలిన చోటే టక్కున ఆగింది. "ఇకపై నేలకు సమంగా వచ్చాకే బటన్ వదలాలి" అని అట్ట మీద రాసి బటన్ పక్కనే కట్టాడు.

మర్నాడు లిఫ్టు నడిపేవాడు అట్ట చదివాడు. తల కూడా ఊపాడు. కానీ నాలుగేళ్ళ చెయ్యి తల మాట వింటుందా? బెత్తెడు ముందే వదిలేసింది. లిఫ్టు గాలిలోనే నిలబడిపోయింది. అప్పుడే కుంటుకుంటూ పనిలోకి వచ్చిన బావ, ఎప్పటిలాగే కిందికి చూడకుండా ట్రాలీని ఒక్క గుంజు గుంజాడు. ముందు చక్రాలు ధబీమని దిగాయి. ఏడు డబ్బాలు దొర్లి మూతలూడాయి. అటుగా వస్తున్న సూపర్‌వైజర్ కొత్త బూట్లు నీలంగా మారాయి.

"బ్రేకులో చెయ్యి పెట్టిందెవడు?" అని అరిచాడాయన.

"నేనేనండీ. బాగుచేశాను."

"దీన్ని బాగుచెయ్యడమంటారా? ఎలా ఉన్నదాన్ని అలా పెట్టు. పెట్టేదాకా గోదాములో అడుగు పెట్టకు!"

ఆ మాట అంతగా గుచ్చుకోలేదు. నీలం చేతులు గోనెపట్టాకు తుడుచుకుంటూ బావ అన్న మాట గుచ్చుకుంది.

"ముందే హాయిగా ఉండేది కదా బావమరిదీ. ఎందుకొచ్చిన గొడవ?"

ఎవరి వేలి కోసం చేశాడో ఆ మనిషే అన్నాడా మాట. ఇంటికొచ్చి మూడు రోజుల్లో ఉన్న ఒక్క ఫ్యానునూ నాలుగుసార్లు విప్పి బిగించాడు. వీధిలో అందరికీ కథ తెలుసు గానీ, అతన్ని అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు.

చివరికి అక్కే వచ్చింది. చెప్పులైనా విప్పకుండా గుమ్మంలో నిలబడింది.

"ఒరేయ్, డొంకతిరుగుడు లేకుండా చెప్పు. ఆ వైరు మళ్ళీ పాత చోట పెడతావా, పెట్టవా? మీ బావ రేపు మళ్ళీ ఆ లిఫ్టు దగ్గరే నిలబడాలి."

టెస్టర్ ఫ్యాను రెక్క కింద పెట్టాడు.

"పెడతాననే సూపర్‌వైజర్‌కు చెప్పానక్కా. పెట్టమని, బాధ్యత మీదేనని కాగితం మీద రాసి సంతకం చెయ్యండి, ఇప్పుడే పెడతానన్నాను. మూడు రోజులైంది, ఆయనకింకా పెన్ను దొరకలేదు. అది దొరికేదాకా వైరు నేను పెట్టిన చోటే ఉంటుంది. బావను మాత్రం కిందికి చూసి లాగమను."