సున్నపు గీత అవతల

వేసవిలో మా ఊరి కుంట పూడిక తీసినప్పుడు, కట్టకు లోపలివైపు నేనే సున్నంతో గీత గీశాను. ఆ గీత దాటి కట్ట మొదట్లో ఎవరూ తవ్వకూడదని ఊరంతా కూర్చుని చేసుకున్న కట్టుబాటు. తవ్వితే కట్టకు పట్టు పోతుంది. తీసిన ఒండ్రుమన్ను వంతులవారీగా ఎవరి చేనికి వాళ్లు తోలుకోవాలి. కాపలా నాది.

నల్లటి మెత్తటి ఒండ్రంతా కట్ట మొదట్లోనే పేరుకుంటుంది. నా వంతు రోజు దాన్ని చూసి ఆగలేకపోయాను.

"అన్నా, గీత ఈడుండాదే" అన్నాడు జేసీబీ డ్రైవరు.

"గీసినోన్ని నేనే కదప్పా, తవ్వు."

గోతిలో గులకమన్ను పోయించి, గీత మళ్లీ గీశాను.

వేరుశనగ ఊడలు దిగే వేళకు వాన ముఖం చాటేసింది. ఆకులు ముడుచుకున్నాక, ఒక మధ్యాహ్నం కణేకల్ వైపు నుంచి మబ్బు కమ్ముకొచ్చి కుమ్మరించింది. కుంట నిండింది. కట్ట కిందే ఒక అక్క చేను. భర్త పోయాక ఒంటరిగా సేద్యం చేస్తోంది. కుంటలో నీళ్లు ఇంకితేనే ఆమె బోరులో ఊట. నిండిన కుంటకు ఆమే టెంకాయ కొట్టింది.

"ఈ తూరన్నా నా బోరు దగ్గేది మాని నీళ్లు పోస్తాదేమో సూడప్పా" అని నవ్వింది.

అంతలోనే కట్ట వెలుపల చెమ్మ తేలింది. చూస్తుండగానే అది బురదనీరైంది. అందరం ఇసుక సంచులు మోశాం. ఆమె కొంగు నడుముకు బిగించి మాతోపాటు మోసింది.

"లోపల యాడ బొక్క పడిందో తెలీకుండాదే!" అని అరుస్తున్నారు. నాకు తెలుసు. ఇంకో రెండు సంచులు మోశాను. చివరికి, "ఈడ, లోపల ఈడ ఎయ్యండి" అన్నాను.

"నీకెట్ల తెలుసన్నా?"

జవాబు చెప్పేలోపే కట్ట కూలింది. కుంట నీళ్లన్నీ ఆమె చేనిని ఇసుకతో కప్పి వంకలో కలిసిపోయాయి.

మర్నాడు ఆమె ఇసుకలోంచి వేరుశనగ చెట్లు పైకి లాగుతుంటే వెళ్లి నిలబడ్డాను.

"గీత దాటి తవ్వింది నేనే అక్కా. నా చేన్లో పోసిన మన్నంతా నీకు తోలిస్తా."

ఆమె తలెత్తలేదు. "మన్ను నేనేం చేసుకునేదప్పా? నీళ్లు తోలిస్తావా?"

మళ్లీ వాన రాలేదు. ఆమె ఇప్పుడు రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్ల దారాలు కత్తిరించే పనికి పోతోంది. పొద్దున ఆమె ఎక్కే బస్సు నా చేని పక్కనుంచే వెళ్తుంది. నల్లమన్ను నెర్రెలు విచ్చిన ఆ చేనిలో, బస్సు దాటిపోయేదాకా నేను తల వంచుకునే ఉంటాను.